లెట్రోజోల్ మాత్ర ఆపేసి పదకొండు రోజులైంది, ఈ కీళ్ళ నొప్పులను దాటినవారు ఉంటే చెప్పండి

గోదావరిగట్టు, జనవరి 18

అందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ఉంటాను, నా వయసు 56. కిందటేడాది కుడి రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది, తరువాత కీమో ఇచ్చారు, ఆ పైన మూడు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టారు. నాది ఈస్ట్రోజన్ రిసెప్టార్ పాజిటివ్ రకం, అంటే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను అందితే పెరిగే రకం కావడం వల్ల రోజుకొకటి చొప్పున ఐదేళ్ళపాటు లెట్రోజోల్ మాత్ర వేసుకోవాలని చెప్పి ఇంటికి పంపారు. జుట్టు రాలదు, సెలైన్ పెట్టరు, చిన్న మాత్రే కదా అని ఇంటిల్లిపాదీ తేలికపడ్డాం.

మూడో నెల నుంచి నా చేతులు నా చేతుల్లా లేవు. తెల్లవారుజామున లేస్తే వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి. కుడిచేతి ఉంగరపు వేలు ముడిస్తే తిరిగి తెరుచుకోదు, ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. కుక్కర్ మూత తిప్పడానికి కోడలిని లేపవలసి వస్తోంది. ధనుర్మాసం మొదలయ్యాక వాకిట్లో ముగ్గు వేయడానికి కూర్చుంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నిలవలేదు, సన్నగా జారవలసినది కుప్పగా పడిపోయింది. ముప్పై ఏళ్ళుగా మా వీధిలో కనుమనాటి రథం ముగ్గు నాదే. ఈ ఒక్క పండుగకైనా చేతులు లొంగితే చాలుననుకుని 7వ తేదీన మాత్ర ఆపేశాను. ముగ్గు వేశాను కూడా. తిరిగి మొదలుపెట్టడానికి మాత్రం ఇప్పటికీ ధైర్యం చాలడం లేదు.

డాక్టరుగారికి చెప్పలేదా అని అడుగుతారేమో, ఆరో నెల చెకప్‌లో చెప్పాను. గది బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. "ఈ మాత్రకు ఇవి మామూలేనమ్మా, ఓర్చుకోవాలి" అని క్యాల్షియం రాసి పంపారు.

ఆపిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అబ్బాయి ప్రతి ఆదివారం స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో చూస్తాడు కనుక, రోజుకొకటి తీసి ఖాళీ ఇంగువ డబ్బాలో వేస్తున్నాను. ఈరోజు మూత తీసి చూస్తే అడుగున పదకొండు మాత్రలు కనిపించాయి, నేను చేస్తున్న పని ఏమిటో అప్పుడు తెలిసి భయం వేసింది. నొప్పి కొంత తగ్గిన మాట నిజమే, కానీ నిద్ర పూర్తిగా పోయింది. ఈ మాత్రతో ఐదేళ్ళూ నెగ్గుకొచ్చినవారు ఉంటే ఎలా నెగ్గుకొచ్చారో దయచేసి రాయండి.

ఓరుగల్లుకోడలు, జనవరి 18

చెల్లీ, నాది టీపొడి డబ్బా. నేను 19 రోజులు దాచాను. ఇప్పుడు నా వయసు 62, ఐదేళ్ళ మాత్రలు పూర్తిచేసి పోయిన శ్రావణానికి ఏడాది దాటింది.

నాకు మొదట అనాస్ట్రోజోల్ ఇచ్చారు. ఐదో నెలకు మోకాళ్ళు, మడమలు పట్టేసి, మంచం మీద నుంచి కాలు కింద పెట్టి బాత్రూమ్ వరకు గోడ పట్టుకుని నడిచేదాన్ని. చివరికి మా ఆడపడుచు కూతురు డబ్బా చూసి నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళింది. తిడతారని భయపడుతూ వెళ్ళిన నన్ను డాక్టరమ్మ ఒక్క మాట అనలేదు. అధికారికంగానే ఇంకో రెండు వారాలు విరామం ఇచ్చి, అప్పటికీ నొప్పి తగ్గితే అది మందు వల్ల వచ్చిన నొప్పేనని తేలుతుందని చెప్పి, ఆ తరువాత ఎక్సిమెస్టేన్ 25 మిల్లీగ్రాములకు మార్చారు. ఒకటి పడనివారిలో చాలామందికి అదే తరగతిలోని ఇంకొకటి పడుతుందట. నాకు నొప్పి పూర్తిగా పోలేదు, దాదాపు సగమైంది. ఆ సగంతో నేను వంట చేసుకున్నాను, మనవరాలికి జడ వేశాను, బస్సెక్కి మేడారం వెళ్ళివచ్చాను.

ఇంట్లో నాకు పనికొచ్చినవి రెండే. లేవగానే గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో రెండు చేతులూ పది నిమిషాలు ముంచి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉండేదాన్ని. అట్లకాడ, చీపురు, కత్తి పిడులకు పాత కాటన్ చీర పేలికలు మందంగా చుట్టాను. సన్నటి పిడిని గట్టిగా బిగించి పట్టుకోవలసి రావడమే వేళ్ళను బాగా బాధిస్తుంది.

రేపే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకో తల్లీ. డబ్బా అబ్బాయికి చూపించు.

విశాఖ_సిస్టర్, జనవరి 19

గోదావరిగట్టు గారూ, నేను 14 ఏళ్ళుగా క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సును. ఇక్కడ రాసేది మీ డాక్టరుగారి మాటకు బదులు కాదు, ఆయన దగ్గరకు వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళవలసిన మాటలుగా భావించండి.

ముట్లు ఆగిపోయాక అండాశయాలు ఈస్ట్రోజన్ తయారుచేయడం మానేసినా, కొవ్వులోనూ కండరాల్లోనూ ఉండే అరోమటేజ్ అనే ఎంజైము కొద్దికొద్దిగా దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ మూడూ ఆ ఎంజైమునే అడ్డుకుంటాయి. మిగిలిన ఆ కాస్త ఈస్ట్రోజన్ కూడా పోయేసరికి క్యాన్సర్ కణానికి తిండి దొరకదు, అయితే కీళ్ళకూ ఎముకలకూ కూడా అందవలసినది అందకుండా పోతుంది. కాబట్టి మీ నొప్పి ఊహ కాదు. ఉదయపు బిగుతు, వేలు ముడుచుకుపోవడం, మణికట్టు దగ్గర నరం నొక్కుకుని చెయ్యి తిమ్మిరెక్కడం, ఇవన్నీ ఈ మందులతో బాగా తెలిసినవే. సాధారణంగా మొదటి రెండు మూడు నెలల్లో మొదలై ఆరో నెల ప్రాంతంలో ముదురుతాయి.

ఇంత బాధపెట్టే మందును ఇన్నేళ్ళు ఎందుకు వాడమంటారంటే, ఈ రకం క్యాన్సర్ స్వభావమే అటువంటిది. ఐదేళ్ళు గడిచాక కూడా, ఇరవయ్యో ఏడు వరకూ, తిరగబెట్టే ప్రమాదం కొద్దికొద్దిగా ఉంటూనే ఉంటుందని వేలమంది స్త్రీల వివరాలు కలిపి చూసిన పరిశోధన 2017లో తేల్చింది. ఈ రకం క్యాన్సర్‌కే ఇచ్చే మరో హార్మోన్ మాత్ర టామోక్సిఫెన్‌ను ఐదేళ్ళు వేసుకున్నవారిలో 15 ఏళ్ళ కాలంలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయని 2011లోనే తెలిసింది. ముట్లు ఆగినవారికి మీరు వాడే తరగతి మందులు అంతకంటే కొంత మెరుగ్గా పనిచేస్తాయి. పదకొండు రోజుల వల్ల కొంప మునిగిపోదు, ఆ భయం వదలండి. ఎవరికీ చెప్పకుండా పదకొండు నెలలు కావడమే ప్రమాదం, మా వార్డులో నేను కళ్ళారా చూసింది అదే.

డాక్టరుగారి దగ్గర ఐదు నిమిషాలే దొరుకుతాయి కనుక ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి: ఏ వేలు, ఏ పూట, పదికి ఎంత నొప్పి, ఏ పని చేయలేకపోతున్నారు. "నొప్పులున్నాయి" అంటే క్యాల్షియం రాస్తారు, "మాత్ర ఆపేశాను" అంటే కుర్చీ ముందుకు జరుపుకుని వింటారు. ఆ మాటతోనే మొదలుపెట్టండి. విటమిన్ డి, థైరాయిడ్, కీళ్ళవాతపు పరీక్షలు చేయించాలా అని అడగండి. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఈ మాత్రలు మొదలుపెట్టేటప్పుడే తీయవలసింది, తీయకపోతే ఇప్పుడు తీయించమనండి. మాత్ర మార్చినా నొప్పి లొంగకపోతే డులోక్సెటిన్ అనే మందు కొందరికి ఉపశమనం ఇస్తుంది, దాన్ని కూడా డాక్టరే రాయాలి.

మందు కాని మందు వ్యాయామం. ఇది వినగానే అందరికీ కోపం వస్తుంది, నొప్పితో ఉన్న మనిషిని నడవమంటారేమిటి అని. అమెరికాలో ఈ మాత్రల వల్ల కీళ్ళ నొప్పులున్న 121 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం 2015లో అచ్చయింది. వారానికి రెండుసార్లు బరువులతో కసరత్తు, వారం మొత్తంమీద 150 నిమిషాల వేగపు నడక ఏడాదిపాటు చేసినవారిలో తీవ్రమైన నొప్పి దాదాపు 30 శాతం తగ్గింది, చేయనివారిలో తగ్గలేదు. లీటరు సీసాలు రెండింటిలో నీళ్ళు నింపుకున్నా బరువులే అవుతాయి. ఆపరేషన్ జరిగిన వైపు చెయ్యి కనుక, మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని అర లీటరుతో మొదలుపెట్టండి.

పచ్చనిచెట్టు, జనవరి 19

అమ్మా, మా బంధువుల్లో ఒకావిడ ఈ ఇంగ్లీషు మాత్రలన్నీ ఆపేసి, పసుపు, మిరియాల సారం కలిపిన గుళికలు, అశ్వగంధ వాడుతూ నొప్పులు లేకుండా హాయిగా ఉన్నారు. మీరు కూడా ప్రయత్నించి చూడండి.

విశాఖ_సిస్టర్, జనవరి 19

మీరు మంచి మనసుతోనే రాశారని తెలుసు, అయినా చదివేవారి కోసం ఇది చెప్పక తప్పదు. నొప్పి లేకపోవడానికి ఆవిడ మాత్ర ఆపడమే కారణం కావచ్చు, క్యాన్సర్ సంగతి మాత్రం నొప్పిని బట్టి తెలియదు. కూరలో చిటికెడు పసుపు, చారులో మిరియాలు ఎవరూ మానక్కరలేదు. గుళికల సంగతి వేరు. నెదర్లాండ్స్‌లో టామోక్సిఫెన్ వాడుతున్న 16 మందిని పరిశీలించి 2019లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, పసుపు సారాన్ని మిరియాల సారంతో కలిపి తీసుకున్నప్పుడు రక్తంలో ఎండాక్సిఫెన్ తగ్గినట్టు తేలింది. టామోక్సిఫెన్ మన ఒంట్లో ఎండాక్సిఫెన్‌గా మారాకే గట్టిగా పనిచేస్తుంది కనుక అది తగ్గితే మాత్ర వేసుకున్న ఫలమే తగ్గుతుంది. అశ్వగంధ వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న దాఖలాలు ఉన్నాయి. ఏ గుళిక వాడుతున్నా దాని సీసా తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి.

మేడమెట్లు, జనవరి 21

నేను భర్తను, ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. మాది నెల్లూరు. నా భార్య వయసు 47, టామోక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు మొదలుపెట్టి ఏడు నెలలైంది. రాత్రి రెండింటికి ఒళ్ళంతా సెగలు లేచి, జాకెట్టు పిండితే నీళ్ళు కారేటట్టు తడిసిపోతుంది. మొన్న పక్కన లేదని వెతికితే వంటింట్లో దీపం లేకుండా గచ్చుకు చెంప ఆనించి పడుకుని ఉంది, చల్లగా ఉందని. పగలు చిన్న మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, తరువాత నా మీద అరిచానని బాధపడుతుంది. నిద్రమాత్ర ఇప్పించమని మా ఊరి డాక్టరును అడిగితే దిగులు తగ్గించే మందు రాశారు. అది వేయవచ్చా? నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

వెన్నెల36, జనవరి 21

అన్నయ్యా, తప్పకుండా రాయవచ్చు. గచ్చు మీద పడుకోవడం నాకు కొత్త కాదు. నాకు 36 ఏళ్ళు, టామోక్సిఫెన్‌తో పాటు అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ ఇంజెక్షన్ 28 రోజులకొకసారి పొట్ట చర్మం కింద వేస్తారు. ముట్లు రావలసిన వయసులో ఒక్కసారిగా ఆపేస్తే ఆవిర్లు ఇంకా ఉధృతంగా వస్తాయి.

ఆ మందు పేరు వెంటనే చూడండి. దిగులుకు వాడే మందుల్లో పారోక్సెటిన్, ఫ్లుయోక్సెటిన్ టామోక్సిఫెన్‌తో కలిపి వాడకూడదు. సిస్టర్ గారు పైన చెప్పిన ఎండాక్సిఫెన్‌గా మారే పనికే అవి అడ్డుపడతాయి. వెన్లాఫాక్సిన్ చిన్న మోతాదులో అయితే ఆ అడ్డు దాదాపు ఉండదు, పైగా ఆవిర్లను కూడా తగ్గిస్తుంది, నేను వాడుతున్నది అదే. మొదటి వారం కడుపులో వికారంగా ఉండి తరువాత సర్దుకుంది. రాత్రి పూట ఆవిర్లే ఎక్కువైతే కొందరికి గాబాపెంటిన్ ఇస్తారు. క్యాన్సర్ డాక్టరుకు తెలియకుండా మాత్రం ఏదీ మొదలుపెట్టకండి.

మీరు చేయగలిగినది చాలానే ఉంది. మంచం పక్కన కూజా నీళ్ళు, తడి తువ్వాలు, మార్చుకోవడానికి ఇంకో కాటన్ నైటీ మీరే పెట్టండి, ఆవిడ లేచి వెతుక్కోనక్కరలేకుండా. మా ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, ఆవిరి వచ్చినప్పుడు "ఏమైంది, ఏమైంది" అని అడగడం మానేసి ఊరికే విసనకర్ర అందుకోవడం. సాయంత్రం తరువాత కాఫీ, కారం తగ్గిస్తే నాకు తేడా కనిపించింది. ఏది తిన్నాక ఎక్కువవుతోందో ఒక వారం రాసిపెట్టండి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి.

ఆడవాళ్ళం నోరు విప్పి అడగని మాట ఒకటి ఇక్కడే రాసేస్తాను. యోని పొడిబారి, మంట పుట్టి, దగ్గరకు రావాలంటేనే భయపడిన రోజులు ఏడాది గడిపాను, మా ఆయన అది అయిష్టమనుకున్నారు. హార్మోను లేని మాయిశ్చరైజర్ జెల్ వారానికి రెండు మూడుసార్లు, కలయిక సమయంలో నీటి ఆధారిత లూబ్రికెంట్ వాడమని గైనకాలజిస్టు చెప్పారు. నూనెలు వాడితే కండోమ్ చిరిగే ప్రమాదం ఉంది. ముట్లు ఆగినంత మాత్రాన గర్భం రాదనుకోకూడదు, టామోక్సిఫెన్ వాడుతూ గర్భం దాలిస్తే బిడ్డకు హాని కనుక కండోమ్ తప్పనిసరి.

నాకింకా పిల్లలు లేరు. 18 నుంచి 30 నెలలు హార్మోన్ మందు వాడిన తరువాత, గర్భం కోసం రెండేళ్ళ వరకు ఆపినవారిలో మూడేళ్ళ లోపు క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువేమీ కాలేదని 2023లో ఒక పెద్ద అధ్యయనం వెల్లడించింది. ఆ తరువాతి సంవత్సరాల సంగతి ఇంకా గమనిస్తున్నారు. మా డాక్టరుగారు 24 నెలలు పూర్తయ్యాక మాట్లాడదామన్నారు. ఇంకా ఐదు నెలలుంది, క్యాలెండరులో గీతలు పెట్టుకుంటున్నాను.

మేడమెట్లు, జనవరి 22

చీటీ చూశాను, మీరు రాసిన పారోక్సెటినే. ఇంకా మొదలుపెట్టలేదు. సోమవారం క్యాన్సర్ డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం. మీకు చాలా ఋణపడి ఉంటానమ్మా.

డాలస్_పద్మ, జనవరి 24

టామోక్సిఫెన్ వాడేవారు విమాన ప్రయాణం చేసేటట్లయితే ఇది గుర్తుపెట్టుకోండి. రెండేళ్ళ క్రితం హైదరాబాదు వచ్చిన మూడో రోజున నా ఎడమ పిక్క వాచి, తాకితే నొప్పిగా ఉంటే, ఇరవై గంటలు కూర్చున్నాం కదా అని తేలిగ్గా తీసుకున్నాను. మా అన్నయ్య బలవంతం మీద రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ తీయిస్తే రక్తం గడ్డకట్టిందని తేలింది. ఆ మందుకు ఉన్న అరుదైన, పెద్ద ప్రమాదం అదే. ఒక్క కాలే వాచినా, హఠాత్తుగా ఊపిరి అందకపోయినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. అలాగే ముట్లు ఆగినవారికి మళ్ళీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కైనా సరే, గర్భాశయం పరీక్ష చేయించుకోవాలి.

నాకు అప్పటికే ముట్లు ఆగిపోయాయి కనుక లెట్రోజోల్‌కు మార్చారు, దాంతో కీళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఆక్యుపంక్చర్ వల్ల నాకు కొంత మేలు జరిగింది. 226 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది, ఉత్తుత్తి సూదులకంటే అసలు సూదుల వల్ల నొప్పి కొంత ఎక్కువ తగ్గిందని తేలింది. ఆ మేలు పెద్దదేమీ కాదు. రొమ్ముతో పాటు చంక గడ్డలు తీసిన వైపు చేతికి సూదులు వేయవద్దని ముందే చెప్పండి.

కందిచేను, జనవరి 25

మీల్‌మేకర్ అస్సలు తినకూడదని మా వీధిలో అందరూ అంటున్నారు, నిజమేనా?

విశాఖ_సిస్టర్, జనవరి 25

మీల్‌మేకర్ సోయాతో చేసినదే, ఆహారంగా కూరలో తింటే భయం లేదు. సోయా సారంతో చేసిన గుళికలు, పొడులు మాత్రం వద్దు.

గోదావరిగట్టు, మార్చి 11

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు క్షమించండి. మీరందరూ రాసినవి అచ్చుతీయించి మా అబ్బాయి చేతిలో పెట్టాను, దానితోపాటు ఇంగువ డబ్బా కూడా. వాడు మాత్రలు లెక్కపెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆదివారాలు నేను లెక్క చూడబట్టే కదమ్మా నువ్వు దాచావు" అన్నాడు. ఇప్పుడు లెక్క చూడడం లేదు, ఉదయం నాతోపాటు గోదావరి గట్టు మీద అరగంట నడుస్తున్నాడు.

డాక్టరుగారి దగ్గర సిస్టర్ గారు చెప్పిన మాటతోనే మొదలుపెట్టాను. నిజంగానే కుర్చీ ముందుకు జరుపుకున్నారు. కాగితం పూర్తిగా చదివి, విటమిన్ డి పరీక్ష, డెక్సా రాశారు. విటమిన్ డి బాగా తక్కువగా ఉంది, వెన్నెముక టి స్కోరు మైనస్ 1.8, అంటే ఎముక పలచబడింది కానీ ఇంకా గుల్లబారలేదట. ఎముకల కోసం జోలెడ్రోనిక్ ఆమ్లం ఆరు నెలలకొకసారి సెలైన్‌లో ఇస్తామన్నారు. దానికి ముందు దంతవైద్యుడి దగ్గరకు పంపి, కదులుతున్న పన్ను ఒకటి తీయించి, ఆ పుండు పూర్తిగా మానేదాకా ఆగారు, లేకపోతే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉందట. సెలైన్ ఎక్కించిన రాత్రి చలిజ్వరం వచ్చి ఒళ్ళంతా పులిసిపోయింది, మరుసటి సాయంత్రానికి తగ్గింది. ఇది ముందే చెప్పి ఉండటం వల్ల ఎవరమూ కంగారుపడలేదు.

తిండి విషయంలో కోడలు పట్టుదలగా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుందని, గ్లాసు పాలలో మరో 240 వస్తుందని లెక్కగట్టి, ఉదయం రాగిజావ, రాత్రి పాలు ఇస్తోంది. తక్కువ పడినదానికే క్యాల్షియం మాత్ర.

మూడు వారాల విరామం తరువాత ఎక్సిమెస్టేన్ మొదలై నాలుగు వారాలైంది. నొప్పి పదికి ఎనిమిది ఉండేది, ఇప్పుడు నాలుగు, చలి ఉన్న రోజు ఐదు. ఉంగరపు వేలు ఇంకా పట్టేస్తూనే ఉంది, దానికి ఎముకల డాక్టరు ఇంజెక్షన్ వేస్తారట, వచ్చే నెల చూస్తామన్నారు. కుక్కర్ మూత నేనే తిప్పుతున్నాను. ముగ్గు నాలుగు చుక్కలు మించి వేయడం లేదు.

అక్కా, ఎక్సిమెస్టేన్ వేసుకున్నాక నాకు రాత్రి పూట నిద్ర సరిగా పట్టడం లేదు. మీరు ఏ పూట వేసుకునేవారు?

ఓరుగల్లుకోడలు, మార్చి 11

ఉదయం టిఫిన్ తిన్న వెంటనే వేసుకునేదాన్ని చెల్లీ. పరగడుపున వద్దు, తిన్నాక వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. ఈరోజు రాత్రి మాత్ర వేసుకోవలసిన వేళ దాటిపోయి ఉంటే రేపు ఉదయం ఒక్కటే వేసుకో, రెండు కలిపి వేసుకోకు. రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే ఆ సంగతి కూడా కాగితం మీద రాసి తీసుకెళ్ళు.